అడవి కోతకు ఐదు దారులు: మీ చెట్టుకు, మీ నేలకు ఏది సరిపోతుంది?

అడవిని ఎలా కొట్టాలన్న చర్చ మొదలైతే మనుషులు వెంటనే రెండు వర్గాలైపోతారు. మొత్తం ఒకేసారి కొట్టేసి కొత్తగా నాటుకోవడమే లెక్కకు మంచిదని ఒకరంటారు. ఒక్కో చెట్టూ ఏరి కొడితేనే అడవి మిగులుతుందని ఇంకొకరు. రెండూ కొన్ని చోట్ల నిజమే, కొన్ని చోట్ల పూర్తిగా తప్పు. ఎన్ని చెట్లు కొట్టాం, ఎన్ని వదిలాం అన్నదాన్ని బట్టి నేల మీద పడే ఎండ మారుతుంది, రాలే గింజ మారుతుంది, మొలిచే మొక్క మారుతుంది. గొడ్డలి పడిన రోజే తర్వాతి అడవి ఎలా ఉండబోతోందో చాలావరకు తేలిపోతుంది.

అందుకే ముందు తర్వాతి తరం ఎలా మొలవాలో తేల్చుకోండి, దానికి తగిన కోత ఆ తర్వాత ఎంచుకోండి. వర్కింగ్ ప్లాన్ (అడవిని ఎలా నడపాలో చెప్పే ప్రణాళిక) రాసే అధికారికైనా, ఉమ్మడి అడవిని చూసుకునే సంఘానికైనా, సొంత ప్లాంటేషన్ ఉన్న రైతుకైనా ఇదే వరస. అనుమతుల నియమాలు దేశానికో రకంగా ఉంటాయి కాబట్టి వాటి జోలికి ఇక్కడ వెళ్లడం లేదు. అవి చేతికి రాకముందు ఒక్క చెట్టుకూ గుర్తు వేయొద్దని మాత్రం చెప్తాను.

## ఎంచుకునే ముందు తేల్చుకోవాల్సినవి

వెలుగు. అన్నిటికంటే ముందు చూడాల్సింది ఇదే. టేకు, నీలగిరి, సరుగుడు, చాలా రకాల పైన్ చెట్లు పుట్టినప్పటి నుంచే నిండు ఎండ కోరతాయి. నీడలో మొలిచినా త్వరలోనే నీరసించి పోతాయి. యూరప్‌లోని బీచ్, ఫర్ లాంటివి దీనికి వ్యతిరేకం. పెద్ద చెట్ల కింద ఏళ్ల తరబడి ఓపిక పట్టి, పైన ఖాళీ దొరకగానే లేస్తాయి. వీటి మధ్య ఇంకో రకం ఉంది. వాటికి చిన్నప్పుడు కాస్త నీడ కావాలి, ఎదిగే కొద్దీ ఎండ కావాలి. ఓక్ జాతుల్లో చాలావాటి తీరు ఇదే.

మొలక వచ్చే దారి. కొత్త తరం నాలుగు దారుల్లో వస్తుంది. ఇప్పటికే నేల మీదున్న చిన్న మొక్కలు, నిలబడి ఉన్న చెట్ల నుంచి రాలే గింజ, కొట్టిన మోడు నుంచి లేచే పిలక, నర్సరీ నుంచి తెచ్చిన మొక్క. చాలామంది మొదటిదాన్ని లెక్కలోకే తీసుకోరు. కోతకు ముందు కూపులో, అంటే ఒక విడత కోతకు కేటాయించిన అడవి ముక్కలో నడిచి, పెద్ద చెట్ల కింద ఏ జాతి మొక్కలు ఎన్ని ఉన్నాయో చూస్తే సగం ప్రశ్నలు అక్కడే తీరతాయి. సాల చెట్టు సంగతే చూడండి. దాని గింజ రాలిన కొద్ది రోజుల్లో మొలవకపోతే పనికిరాకుండా పోతుంది. మొలిచిన మొక్క కూడా పైభాగం ఏటా ఎండిపోతూ, వేరు మాత్రం బలపడుతూ, కొన్నేళ్లకు గానీ పైకి లేవదు. ఇలాంటి జాతి ఉన్నచోట ఆ వేరు బలం పుంజుకున్న మొక్కలే అసలు ఆస్తి. అవి లేకుండా పైచెట్లు కొట్టేస్తే తుప్పలే మిగులుతాయి.

గింజ మీద ఆధారపడాలనుకుంటే దూరం కూడా చూడాలి. గాలికి ఎగిరే గింజలైనా ఎక్కువ భాగం తల్లి చెట్టు ఎత్తుకు ఒకటి రెండు రెట్ల దూరంలోనే పడతాయి. అంచున 25 మీటర్ల చెట్లుంటే, 50 మీటర్లు దాటిన కూపు మధ్యభాగానికి గింజ అందదనే అనుకుని ప్లాన్ వేసుకోవాలి.

నేల, వాలు, నీళ్లు. నిటారు వాలులో, పలచటి మట్టిలో, వాగుల పక్కన నేలను ఒక్క వానాకాలం కూడా బోసిగా ఉంచలేం. అక్కడ పద్ధతుల్లో సగం వాటంతట అవే పక్కకు పోతాయి.

ఏ సరుకు, ఎప్పటికి. పల్ప్, గుంజలు, వంటచెరకు కావాలంటే ఐదు నుంచి పదేళ్ల లెక్క. చేవ నిండిన పెద్ద దుంగ కావాలంటే టేకులో కొన్ని దశాబ్దాలు, ఫ్రాన్స్‌లో పీపాలు చేసే ఓక్ అయితే 150 నుంచి 200 ఏళ్లు.

చేతులు, డబ్బు, ఓపిక. నాటాలంటే మొదట్లోనే డబ్బు కావాలి. ఏరి కొట్టాలంటే చెట్టును చదవగలిగిన మనిషి కావాలి. విడతలుగా కొట్టాలంటే పదేళ్ల తర్వాత కూడా అదే ప్లాన్‌ను నడిపే యంత్రాంగం ఉండాలి. మీ దగ్గర ఈ మూడింటిలో ఏది తక్కువో నిజాయితీగా రాసుకోండి.

## ఒక్క చూపులో

| పద్ధతి | ఒక విడతలో తీసేది | మొలక ఎక్కడి నుంచి | నప్పే జాతులు | అన్నిటికంటే ఎక్కువ కావాల్సింది | పెద్ద ప్రమాదం |
|---|---|---|---|---|---|
| క్లియర్ ఫెల్లింగ్, నాటడం | కూపులో అన్నీ | నర్సరీ | నిండు ఎండ కోరేవి | మొదటి ఏళ్ల డబ్బు | బోసి నేల, కలుపు, ఒకే జాతికి తెగులు |
| గింజ చెట్లు వదలడం | కొన్ని తప్ప అన్నీ | వదిలిన చెట్ల గింజ | తేలిక గింజ, గట్టి వేరు | మంచి గింజ ఏడాది | గాలికి పడిపోవడం |
| నీడ విడతలు | రెండు మూడు విడతల్లో అన్నీ | పైనున్న చెట్ల గింజ | చిన్నప్పుడు నీడ ఓర్చేవి | ఓపిక, సమయపాలన | చివరి విడత ఆలస్యం కావడం |
| ఎంపిక కోత | అక్కడక్కడా కొన్ని | నేలపై ఉన్న మొక్కలు, గింజ | నీడ ఓర్చేవి | నైపుణ్యం, కొలతలు | మంచివి పోయి నాసివి మిగలడం |
| కాపిస్ | అన్నీ, మోడు ఉంచి | మోడు పిలక | పిలక పెట్టేవి | సరైన కోత, సరైన కాలం | మోళ్లు ముసలివై చావడం |

## క్లియర్ ఫెల్లింగ్, ఆపై నాటడం

దీని బలం సరళత. యంత్రాలు తేలిగ్గా తిరుగుతాయి, దుంగకు అయ్యే ఖర్చు తగ్గుతుంది, లెక్క రాయడం సులువు. మెరుగైన విత్తనం, మంచి క్లోన్ (మేలైన చెట్టు ముక్క నుంచి పెంచిన అదే రకం మొక్క) తెచ్చుకునే అవకాశం ఉంటుంది. నిండు ఎండ కోరే జాతులకు ఇంతకంటే ఖాయమైన దారి లేదు. 2 మీటర్లకు 2 మీటర్ల ఎడంలో నాటితే హెక్టారుకు 2,500 మొక్కలు పడతాయి. 3 మీటర్లకు 3 మీటర్లైతే 1,111. దగ్గరగా నాటితే కాండాలు తిన్నగా పెరుగుతాయి, కలుపు త్వరగా అణుగుతుంది. కానీ థిన్నింగ్, అంటే మధ్యలో కొన్ని చెట్లు తీసి పలచన చేయడం, సమయానికి చేయాలి. థిన్నింగ్‌లో వచ్చే సన్న గుంజలకు కొనేవాళ్లు లేకపోతే ఎడంగా నాటడమే నయం.

డబ్బు సంగతి కొంచెం ఆగి చూడాలి. నాటడానికి పెట్టే ఖర్చు మొదటి ఏడాదిదే అయినా, ఆ సొమ్ము కోత రోజు దాకా ఇరుక్కుని ఉంటుంది. ఇవాళ 100 పెడితే, 4 శాతం చక్రవడ్డీ లెక్కన 8 ఏళ్లకు అది దాదాపు 137 అవుతుంది. 40 ఏళ్లకైతే 480. జర్మనీకి చెందిన మార్టిన్ ఫౌస్ట్‌మన్ 1849లో అడవి నేల విలువ కట్టేందుకు ఇచ్చిన సూత్రం ఈ ఆలోచన మీదే నిలబడింది. పొట్టి రొటేషన్‌కు (నాటిన నాటి నుంచి కోత దాకా పట్టే కాలానికి) నాటడం సులువుగా గిట్టుబాటవుతుంది. రొటేషన్ సాగే కొద్దీ, ఉచితంగా మొలిచే మొక్క విలువ పెరుగుతూ పోతుంది.

ప్రమాదాలు చిన్నవి కావు. ఒకే వయసు, ఒకే జాతి ఉన్నచోట తెగులు వస్తే ఆపడం కష్టం. 2018 కరవు తర్వాత జర్మనీలోని హార్జ్ కొండల్లో బెరడు పురుగు సోకి స్ప్రూస్ చెట్లు కొండలకు కొండలే ఎండిపోయాయి. అక్కడ ఆ చెట్లను తరాలుగా ఒకే జాతిగా పెంచారు. అందుకే కూపు చిన్నదిగా ఉంచండి. పక్క కూపులో మొక్కలు నిలదొక్కుకున్నాకే దాని పక్కది తెరవండి. వాగు ఒడ్డున చెట్ల పట్టీని అసలు ముట్టుకోవద్దు.

ఈ దారి పట్టేవాళ్లు నాటడాన్ని గడువు ఉన్న బాధ్యతగా రాసుకోవాలి. స్వీడన్ 1903లోనే, కొట్టినవాళ్లు అడవిని తిరిగి పెంచాలని చట్టం చేసింది. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో నాటడానికి రెండు సీజన్ల గడువు ఉంటుంది, ఆరో ఏటికల్లా మొక్కలు కలుపును మించి నిలబడి ఉండాలి. మీ దగ్గర అలాంటి చట్టం లేకపోయినా ఆ రెండు గడువులను ప్లాన్‌లో రాసుకోవడం మంచిది. కొట్టిన సొమ్ములోంచి నాటే ఖర్చు ముందే పక్కన పెట్టలేనివాళ్లకు ఈ పద్ధతి నేను సూచించను.

## గింజ చెట్లు వదలడం

ఇది క్లియర్ ఫెల్లింగ్‌కు దగ్గరి చుట్టం. హెక్టారుకు కొన్ని మేలైన చెట్లను గింజ కోసం వదిలి మిగతావి కొట్టేస్తారు. ఎన్ని వదలాలన్నది జాతిని బట్టి చాలా మారుతుంది. అమెరికా దక్షిణ ప్రాంతపు పైన్ అడవుల్లో పది నుంచి పాతిక దాకా వదిలితే, ఫిన్లాండ్ పైన్ అడవుల్లో 50 నుంచి 150 దాకా వదులుతారు. వదిలేవి తిన్నటి కాండం, నిండు తల, గట్టి వేరు ఉన్నవై ఉండాలి. కొట్టడానికి పనికిరాని వంకరవాటిని గింజకు వదిలితే వంకర అడవే మొలుస్తుంది.

తేలిక గింజకు తడి మట్టి తగలాలి. ఆకుల దుప్పటి మీద పడితే మొలక వేరు నేలను అందుకోలేక ఎండిపోతుంది. అందుకే కోత తర్వాత పైమట్టిని కాస్త గీకుతారు. గింజ బాగా పట్టిన ఏడాది కొడితే పని అవుతుంది, లేకపోతే ఆ ఖాళీని గడ్డి ఆక్రమిస్తుంది. బరువైన గింజ ఉన్న చెట్లకు, గాలి ఎక్కువ తగిలే గుట్టలకు, వేరు పైపైనే పాకే జాతులకు ఇది సరిపోదు.

## నీడ విడతలు

షెల్టర్‌వుడ్ అని పిలిచే ఈ పద్ధతిలో పాత అడవిని ఒకేసారి కాకుండా విడతలుగా తీస్తారు. మొదట బలహీనమైనవాటిని తీసి, మిగిలిన చెట్ల తలలు విచ్చుకునేలా చేస్తారు. తర్వాత గింజ బాగా పట్టిన ఏడాది చూసి ఇంకొన్ని తీస్తారు. అప్పుడు నేలకు చెదురుమదురుగా ఎండ తగిలి మొలకలు వస్తాయి. అవి నిలదొక్కుకున్నాక పైచెట్లను ఒకటి రెండు విడతల్లో పూర్తిగా తీసేస్తారు. ఈ మొత్తం సాగే కాలం సాధారణంగా రొటేషన్‌లో ఐదో వంతుకు మించదు. వందేళ్ల రొటేషన్ అయితే ఇరవై ఏళ్ల లోపు అన్నమాట.

నేల ఎప్పుడూ బోసిగా ఉండదు కాబట్టి వాలు నేలలకు ఇది బాగా నప్పుతుంది. ఎండ దెబ్బ, మంచు దెబ్బ తగిలే చోట పైచెట్లే మొలకను కాపాడతాయి. పైగా చివరి ఏళ్లలో నిలబెట్టిన మేలైన చెట్లు వెలుగు దొరికి వేగంగా లావెక్కుతాయి. అంటే మొలక పెరుగుతున్న కాలంలోనే కలప విలువా పెరుగుతుంది. ఈ రెండో లాభాన్ని చాలామంది లెక్కలో వేయరు.

ఇది చెడిపోయేది రెండు చోట్ల. మొదటిది గింజ ఏడాది. ఓక్, బీచ్ లాంటివి ఏటా సమంగా కాయవు, మధ్యలో ఖాళీ ఏళ్లుంటాయి. ఫలానా సంవత్సరం ఫలానా కూపు అని ప్లాన్‌లో గట్టిగా బిగిస్తే, గింజ లేని ఏడాది కూడా నిబంధన కోసం కొట్టాల్సి వస్తుంది. కూపుల పేర్లు రాసి, సంవత్సరాన్ని మాత్రం మూడు నాలుగేళ్ల వెసులుబాటుతో వదలడం మేలు. రెండోది చివరి విడత. పైచెట్లు బాగున్నాయి కదా అని ఆపితే, కింది మొక్కలు నీడకు సన్నబడి వంగిపోతాయి. బాగా ఆలస్యంగా కొడితే, పడే చెట్టు ఎదిగిన మొక్కలను విరిచేస్తుంది. మొక్కలు మోకాలి ఎత్తు నుంచి నడుము ఎత్తులో ఉండగా, దుంగలు లాగే దారులు ముందే గీసుకుని కొడితే దెబ్బ తక్కువ. అధికారులు తరచూ మారే చోట, మొదటి రెండు విడతలు చేసి మూడోది మరిచిపోవడం మామూలు. మీ యంత్రాంగం అలాంటిదైతే ఈ పద్ధతి ఎంత బాగున్నా దూరంగా ఉండటమే మంచిది.

## ఎంపిక కోత: అందరూ మెచ్చేది, ఎక్కువమంది చెడగొట్టేది

అన్ని వయసుల చెట్లూ కలిసి ఉండే అడవిలో, కొన్నేళ్లకోసారి అక్కడక్కడా కొన్ని కొట్టి, ఎప్పుడూ అడవిని అడవిగానే ఉంచడం ఎంపిక కోత. నీటి ఊటలను, వాలును, పక్షులను, చూపుకు అందాన్ని కాపాడాలంటే దీనికి సాటి లేదు. నీడ ఓర్చే జాతులుండి, చెట్టును చదవగల మనుషులుంటే నేను మొదట మొగ్గేది దీనివైపే.

కానీ ఈ పేరుతో జరిగే పని తరచుగా వేరు. "ఫలానా చుట్టుకొలత దాటినవన్నీ కొట్టండి" అంటే అది ఎంపిక కాదు, ఏరుకుతినడం. మేలైన పెద్ద చెట్లు పోతాయి, వంకరవీ బోలువీ మిగులుతాయి, రేపటి గింజ వాటి నుంచే వస్తుంది. ఒకే వయసు ప్లాంటేషన్‌లో ఇలా చేస్తే ఇంకా దారుణం. అక్కడ సన్నటి చెట్టు చిన్న వయసుది కాదు, పక్కవాటితో పోటీలో ఓడిపోయినది. పెద్దదాన్ని తీసేసినంత మాత్రాన అది దాని స్థానం అందుకోలేదు.

స్వీడన్ ఉత్తర ప్రాంతాల్లో 20వ శతాబ్దం మొదటి సగంలో పెద్దవాటిని ఏరి కొట్టడం విస్తారంగా సాగింది. చాలా చోట్ల పలచబడిన, మొలక సరిగా రాని అడవి మిగిలింది. చివరికి 1950లో అక్కడి ప్రభుత్వ అటవీ సంస్థ ఆ కోతను తోసిపుచ్చి క్లియర్ ఫెల్లింగ్, నాటడం వైపు తిరిగింది. ఇప్పుడు పొరుగున ఉన్న ఫిన్లాండ్‌లో 2014లో అమల్లోకి వచ్చిన చట్టం వేర్వేరు వయసుల అడవిని పెంచే దారిని మళ్లీ తెరిచింది. రెండు దేశాల అనుభవాన్నీ కలిపి చూస్తే నాకు అర్థమైంది ఇది: పద్ధతి పేరు కంటే, ఏ చెట్టు వదిలాం, కింద ఏం మొలిచింది అన్న లెక్క ఉందా లేదా అన్నదే ఫలితాన్ని మార్చింది.

జాతి కుదరకపోయినా ఇది విఫలమవుతుంది. అమెరికా ఖండపు ఉష్ణమండల అడవుల్లో మహోగని చెట్లను ఒక్కొక్కటిగా ఏరి కొట్టారు. కానీ మహోగని మొక్కకు పెద్ద ఖాళీ, నిండు వెలుగు కావాలి. ఒక చెట్టు పడితే ఏర్పడే చిన్న సందులో అది నిలవదు. కొట్టినచోట మళ్లీ రాక, పెద్దాకు మహోగని 2003 నవంబరు నుంచి అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలో ఉంది. ఇలాంటి జాతులకు ఒక్కో చెట్టు కాకుండా గుంపుగా కొట్టి, చెట్టు ఎత్తుకు ఒకటి రెండు రెట్ల వెడల్పున ఖాళీలు తెరవడం మధ్యేమార్గం.

ఎంపిక కోత నిజంగా చేయాలంటే కొలతలు తప్పవు. చెట్లను లావును బట్టి తరగతులుగా లెక్కించాలి. సన్నవి చాలా, మధ్యరకం కొన్ని, పెద్దవి తక్కువగా, ఒక్కో మెట్టుకూ దాదాపు ఒకే నిష్పత్తిలో తగ్గుతూ రావాలి. ఫ్రాన్స్‌లో అటవీ అధికారి ద లియోకూర్ 1898లో ఈ సంగతిని వివరించాడు. స్విట్జర్లాండ్‌లోని కూవే అడవిలో అటవీ అధికారి హెన్రీ బియోలే 1890 నుంచి చెట్లన్నీ కొన్నేళ్లకోసారి కొలిపించి, ఎంత పెరిగిందో చూశాకే ఎంత కొట్టాలో నిర్ణయించాడు. మీ లెక్కలో సన్నవాటి తరగతి ఖాళీగా కనిపిస్తే, అడవి పైకి ఎంత పచ్చగా ఉన్నా కోత ఆపాల్సిందే.

కోత చేసే తీరు కూడా అంతే ముఖ్యం. బోర్నియోలోని సబాలో 1990ల్లో తీగలను ముందే కోసి, దుంగలు లాగే దారులు గీసి, చెట్టు ఏ దిక్కుకు పడాలో నిర్ణయించి కొట్టినప్పుడు, మిగిలిన చెట్లకు జరిగే నష్టం మామూలు కోతతో పోలిస్తే సగం దాకా తగ్గింది.

## కాపిస్

కొట్టిన మోడు నుంచి లేచే పిలకతోనే మళ్లీ అడవి పెంచడం. నాటే ఖర్చు లేదు, పాత వేరు ఉండటంతో మొదటి ఏళ్లలో పెరుగుదల వేగం. నీలగిరి, టేకు, చెస్ట్‌నట్, హేజెల్ బాగా పిలక పెడతాయి. పైన్ జాతుల్లో చాలావరకు పెట్టవు. సరుగుడు మీద ఆశ పెట్టుకోకూడదు.

నీలగిరి మోడును నేల నుంచి 10–15 సెంటీమీటర్ల ఎత్తులో, నీళ్లు నిలవకుండా కాస్త ఏటవాలుగా, బెరడు చీలకుండా కోయాలి. చెట్టు కొత్త చిగురు వేసే కాలానికి కాస్త ముందు కొడితే పిలక బలంగా వస్తుంది. ఏడాది అటూ ఇటూగా ఒక్కో మోడుకు ఒకటి రెండు గట్టి పిలకలు ఉంచి మిగతావి తీసేయాలి. ఇలా రెండు మూడు కోతలు తీయొచ్చు. ఆ తర్వాత మోళ్లు తగ్గిపోతాయి. హెక్టారుకు 1,600 మోళ్లుండి, ఒక్కో కోతకు పదో వంతు చస్తే రెండో కోత తర్వాత మిగిలేవి 1,296. పైగా కొత్త క్లోన్‌లు వచ్చినా మీరు పాతదానికే కట్టుబడి ఉంటారు. చిన్న రొటేషన్‌లో నేల సారం వేగంగా పోతుంది కాబట్టి ఆకు, కొమ్మ, వీలైతే బెరడు కూడా అక్కడే వదిలేయాలి.

వంటచెరకుతో పాటు ఎప్పటికైనా పెద్ద దుంగలు కూడా కావాలనుకునే ఉమ్మడి అడవులకు, పిలకల మధ్య మేలైన పెద్ద చెట్లు కొన్ని వదిలే పద్ధతి చక్కగా సరిపోతుంది. అవి గింజ కూడా ఇస్తాయి, చచ్చిన మోళ్ల స్థానం ఆ మొలకలు నింపుతాయి.

వెదురు ఈ ఐదింటిలో దేనిలోనూ ఇమడదు. పొదలో మూడేళ్లు దాటిన బొంగులే కొట్టాలి, ఈ ఏటివీ నిరుటివీ వదలాలి, కొత్త బొంగులు లేచే వానాకాలంలో పొద ముట్టుకోకూడదు. ఊరంతా ఒకేసారి పూసే జాతులు పూశాక చచ్చిపోతాయి. అప్పుడు ఎండిన బొంగు తీసుకుని, మొలకలు నిలిచేదాకా పశువులనూ నిప్పునూ దూరం పెట్టడమొక్కటే పని.

## ఏటా ఎంత కొట్టాలి?

పద్ధతి ఏదైనా ఈ ప్రశ్న తప్పదు. రెండు లెక్కలున్నాయి.

విస్తీర్ణం లెక్క సులువు. 500 హెక్టార్లు, 50 ఏళ్ల రొటేషన్ అయితే ఏటా 10 హెక్టార్లు. నేల సారం అన్నిచోట్లా ఒకటి కాదు కాబట్టి బలమైన నేలలో కొంచెం తక్కువ, పేద నేలలో కొంచెం ఎక్కువ వచ్చేలా సర్దుకోవాలి. క్లియర్ ఫెల్లింగ్‌కు, కాపిస్‌కు ఇది చాలు.

ఘనపరిమాణం లెక్కలో ఫాన్ మాంటెల్ సూత్రం పాతది, తేలికది. నిలబడి ఉన్న కలపను రెట్టింపు చేసి రొటేషన్‌తో భాగించడం. ఇందాకటి 500 హెక్టార్ల అడవిలో 60,000 ఘనమీటర్లుంటే ఏటా 2,400. అన్ని వయసులూ సమంగా ఉన్నాయన్న ఊహ మీద నిలబడ్డ లెక్క ఇది. అడవి అంతా లేతదైతే, కొట్టడానికి ఏమీ లేకపోయినా ఒక అంకె చూపిస్తుంది. అందుకే రెండు లెక్కలూ వేసి, తేడా ఎక్కువగా వస్తే వయసుల పట్టిక తెరిచి చూడాలి.

ఎంపిక కోతకు మాత్రం పెరుగుదలే కొలమానం. హెక్టారుకు ఏటా 4 ఘనమీటర్లు పెరిగి, పదేళ్లకోసారి కోతకు వస్తే హెక్టారుకు 40 ఘనమీటర్లు మించి కొట్టకూడదు. మొదట్లో అడవి పలచగా ఉంటే అంతకంటే తక్కువే.

## మీ పరిస్థితి ఏది?

కొన్ని హెక్టార్లలో నీలగిరి ఉన్న రైతుకు, మోళ్లు ఆరోగ్యంగా ఉంటే కాపిస్ ఒకటి రెండు సార్లు, తర్వాత తవ్వించి కొత్త క్లోన్. మొదటి తోటలోనే ఐదో వంతుకు పైగా ఖాళీలుంటే పిలకకు ఆగకుండా ఇప్పుడే నాటుకోవడం మేలు.

పెద్ద టేకు ప్లాంటేషన్ ఉన్న సంస్థకు, చదునుగా ఉన్న భాగాల్లో చిన్న కూపుల క్లియర్ ఫెల్లింగ్, వాలు భాగాల్లో కోత అసలు వద్దు లేదా గుంపు కోత. ఒకే ప్లాన్‌లో రెండు పద్ధతులు ఉండటం గందరగోళమని కొందరు వద్దంటారు. నేల రెండు రకాలుగా ఉన్నప్పుడు ప్లాన్ ఒకే రకంగా ఉండటమే నాకు తప్పుగా అనిపిస్తుంది.

ఉమ్మడి అడవి నడిపే సంఘానికి ఏటా కొంచెం కొంచెం రాబడి ముఖ్యం. పెద్ద చెట్లు వదిలే కాపిస్, లేదా నీడ ఓర్చే జాతులుంటే చిన్న గుంపుల ఎంపిక కోత. గుర్తు వేసే మనిషి, కొనే మనిషి ఒకరే కాకుండా చూసుకోవాలి.

నీటి పరీవాహక ప్రాంతంలో సహజ అడవి ఉన్నవాళ్లకు ఎంపిక కోత, అది చేతకాకపోతే నీడ విడతలు, రెండూ చేతకాకపోతే కోత వాయిదా. ఇక్కడ వాయిదాతో పోయేది వడ్డీ మాత్రమే. మట్టి కొట్టుకుపోతే తిరిగి రాదు.

ఇప్పటికే ఏరి ఏరి కొట్టేసిన పలచటి అడవి చేతికొస్తే, దానికి కోత ప్లాన్ అవసరం లేదు. మంచి మొక్కల చుట్టూ తీగలు, తుప్పలు తీయడం, ఖాళీల్లో స్థానిక జాతులు నాటడం, పదేళ్లు ఆగడం.

## కోత అయ్యాక

ఎంత బాగా ఎంచుకున్నా మొదటి కొన్నేళ్లు పశువులు తిరిగినా, నిప్పు పాకినా అంతా వృథా. కంచె, ఫైర్ లైన్ (నిప్పు పాకకుండా శుభ్రం చేసిన పట్టీ), కలుపు తీత ఖర్చులను కోత బడ్జెట్‌లోనే రాయాలి. తడి నేలలో బరువైన యంత్రం తిప్పొద్దు. మొదటి కొన్ని రాకపోకల్లోనే మట్టి గట్టిపడటంలో ఎక్కువ భాగం జరిగిపోతుంది. అందుకే యంత్రాలను గీసిన దారులు దాటనివ్వకూడదు.

మొలక వచ్చిందో లేదో కంటితో చూసి చెప్పకండి. 1.13 మీటర్ల తాడుతో వృత్తం గీస్తే 4 చదరపు మీటర్లు వస్తుంది, అంటే హెక్టారులో 2,500వ వంతు. కూపు అంతటా సమాన దూరాల్లో ఇలాంటి వంద వృత్తాలు వేసి, కావాల్సిన జాతి ఆరోగ్యమైన మొక్క ఒక్కటైనా ఉన్నవి ఎన్నో లెక్కించండి. 70కి పైగా ఉంటే కలుపు తీసి వదిలేయొచ్చు. 40 నుంచి 70 మధ్య ఉంటే ఖాళీల్లో నాటాలి. 40 కంటే తక్కువైతే పద్ధతి అక్కడ పనిచేయలేదన్నట్టే, కూపు మొత్తానికి నాటే ప్లాన్ వేయాలి. ఈ హద్దులను మీ జాతికి తగ్గట్టు మార్చుకోవచ్చు, కానీ కోతకు ముందే కాగితం మీద రాసి ఉండాలి. ఈ లెక్క రెండో ఏట ఒకసారి, ఐదో ఏట ఒకసారి చేసి, ఆ కూపు గట్టెక్కిందని తేలాకే దాని పక్క కూపుకు గుర్తులు వేయండి.